బాల్ బేరింగ్ టర్బోకి ఆయిల్ ప్రెషర్ సరిగ్గా అందించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెట్రోల్ ఇంజిన్‌కి విడిగా కొని బిగించే బాల్ బేరింగ్ టర్బోల గురించి ఈ పేజీ. అంకెలు ఎక్కువగా గ్యారెట్ జీటీ, జీటీఎక్స్ సిరీస్‌వి. నిస్సాన్ ఎస్‌ఆర్20, ఆర్‌బీ26, టొయోటా 2జేజెడ్ లాంటి ఇంజిన్ల మీద వీటిని బాగా వాడతారు. "ఎంత సైజు రిస్ట్రిక్టర్ (టర్బోకి వెళ్లే ఆయిల్‌ని తగ్గించే సన్న రంధ్రం ఉన్న ఫిట్టింగ్) వేయాలి?" అని అందరూ అడుగుతారు. వేశాక ప్రెషర్ ఎంత వస్తోందో కొలిచేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఖరీదైన టర్బోలు పాడయ్యేది అక్కడే.

టర్బోకి అసలు ఎంత ప్రెషర్ ఉండాలి?

ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గర 40 నుంచి 45 పీఎస్‌ఐ, అంటే సుమారు 2.8 నుంచి 3.1 బార్. ఇది గ్యారెట్ ఇచ్చే అంకె. ఇది టర్బో ఇన్‌లెట్ దగ్గర, రిస్ట్రిక్టర్ దాటాక ఉండాల్సిన ప్రెషర్. డాష్‌బోర్డు గేజ్ చూపించేది ఇంజిన్ గ్యాలరీ (ఇంజిన్ లోపలి ప్రధాన ఆయిల్ దారి) ప్రెషర్. దాన్ని చూసి టర్బోకి ఎంత అందుతోందో చెప్పలేం. ఆయిల్ పూర్తిగా వేడెక్కి ఉండాలన్నది మరో షరతు. చల్లటి ఆయిల్‌తో తీసిన రీడింగ్‌ని లెక్కలోకి తీసుకోకండి.

ఐడిల్‌లో 10 పీఎస్‌ఐ మాత్రమే చూపిస్తోంది. కంగారు పడాలా?

ఇంజిన్ గేజ్ వేడి ఐడిల్‌లో 20 చూపిస్తుంటే, టర్బో దగ్గర 10 రావడం సహజమే. ఐడిల్‌లో షాఫ్ట్ నెమ్మదిగా తిరుగుతుంది, బేరింగ్ మీద భారం తక్కువ. ఐడిల్‌లోనే 40 రావాలని రంధ్రం పెద్దది చేస్తే, పై ఆర్‌పీఎంలో ప్రెషర్ హద్దు దాటిపోతుంది. ఒకవేళ ఇంజిన్ ప్రెషరే మాన్యువల్‌లో చెప్పిన కనీస అంకె కన్నా తక్కువ ఉంటే టర్బోని పక్కన పెట్టండి. ముందు ఆయిల్ పంపు, రిలీఫ్ వాల్వు, ఇంజిన్ బేరింగులు చూడాలి.

జర్నల్ బేరింగ్ టర్బోకి అక్కర్లేని రిస్ట్రిక్టర్ దీనికెందుకు?

జర్నల్ బేరింగ్‌లో షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతుంది. భారం మోసేది ఆ పొరే కాబట్టి దానికి ఆయిల్ ధారాళంగా కావాలి. బాల్ బేరింగ్‌లో భారాన్ని బంతులు మోస్తాయి. వాటిని తడిపి, వేడిని లాక్కుపోవడానికి కొంచెం ఆయిల్ చాలు.

అయితే ఆయిల్‌కి ఇక్కడ ఇంకో పని కూడా ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బేరింగ్ కార్ట్రిడ్జ్ (బంతులు, రింగులు కలిసిన భాగం) బయటి రింగుకీ హౌసింగ్‌కీ మధ్య ఒక పల్చటి సందు ఉంటుంది. అందులో ప్రెషర్‌తో నిండిన ఆయిల్ షాఫ్ట్ వణుకుని మింగేస్తుంది. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగేటప్పుడు ఆ మెత్తటి పొర లేకపోతే ప్రతి అదురూ నేరుగా బంతుల మీద పడుతుంది. అందుకే "బాల్ బేరింగ్‌కి ఆయిల్ ఎంత తక్కువ ఇస్తే అంత మంచిది" అనే మాట నమ్మొద్దు.

ఎంత సైజు రిస్ట్రిక్టర్ వేయాలి?

మొదలుపెట్టడానికి 0.040 అంగుళం, అంటే సుమారు 1 మి.మీ. అంతకన్నా చిన్న రంధ్రం వద్దు. చాలా ఇంజిన్లకు ఈ సైజు సరిపోతుంది. సరిపోయిందో లేదో గేజ్ చెప్పాలి.

చిన్న తేడాకే ప్రెషర్ ఎంత మారుతుందో ఒక లెక్కలో చూద్దాం. ఆయిల్ వేడిగా ఉండగా ఇంజిన్ గ్యాలరీలో 80 పీఎస్‌ఐ ఉంది, 1 మి.మీ. రిస్ట్రిక్టర్ తర్వాత టర్బో దగ్గర 40 వచ్చింది అనుకోండి. అంటే రిస్ట్రిక్టర్ ఎంత అడ్డుపడుతోందో, టర్బో లోపలి దారులు కూడా అంతే అడ్డుపడుతున్నాయి. ఇక రంధ్రాన్ని 1.1 మి.మీ. చేస్తే టర్బో ప్రెషర్ దాదాపు 47కి వెళ్తుంది. 1.2 చేస్తే 54. అదే 0.9కి తగ్గిస్తే 32కి పడిపోతుంది. ప్రవాహం రంధ్రం వైశాల్యాన్ని బట్టి పోతుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి. ఆపైన ప్రెషర్ తేడా ప్రవాహం వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు వర్గాలు ఒకదాని మీద ఒకటి పడటంతో మి.మీ.లో పదో వంతు కూడా గేజ్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. మీ టర్బోలో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు గానీ తీరు మాత్రం ఇదే.

లేత్ షాపులో రిస్ట్రిక్టర్ చేయించుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. డ్రిల్ బిట్ కొంచెం ఊగితే 1 మి.మీ. అన్నది 1.1 అయి కూర్చుంటుంది. చేయించాక పిన్ గేజ్ (కచ్చితమైన మందం ఉన్న సన్న కడ్డీ) దూర్చి చూడండి. రంధ్రం అంచున మిగిలిన ఇనప మొనలు, పొట్టు శుభ్రంగా తీసేయండి. ఆ పొట్టు వెళ్లేది నేరుగా బేరింగ్‌లోకే. సన్నటి రంధ్రం పొడవు 2, 3 మి.మీ. మించకుండా, మిగతా భాగం వెడల్పుగా తొలిపించండి. 1 మి.మీ. రంధ్రాన్ని 20 మి.మీ. పొడవునా తొలిస్తే అది సన్న గొట్టంలా పనిచేస్తుంది. తెల్లారి చల్లటి ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు టర్బోకి చాలా ఆలస్యంగా అందుతుంది.

ఇంజిన్ ప్రెషర్ ఎప్పుడూ 60 దాటదు. అప్పుడు కూడా కావాలా?

60 పీఎస్‌ఐ దాటితే రిస్ట్రిక్టర్ వేయమని గ్యారెట్ సిఫార్సు. దాటకపోతే ముందు అది లేకుండా టర్బో ఇన్‌లెట్ దగ్గర కొలవండి. 45 లోపు ఉంటే అక్కర్లేదు. 50 దాటుతుంటే 1.2 మి.మీ. లాంటి పెద్ద రంధ్రంతో మొదలుపెట్టండి.

నా టర్బోలో ముందే రిస్ట్రిక్టర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇది తప్పకుండా చూసుకోవాల్సిన విషయం. బోర్గ్‌వార్నర్ ఈఎఫ్‌ఆర్ టర్బోల హౌసింగ్‌లోనే రిస్ట్రిక్టర్ ఉంటుంది, బయట ఇంకోటి పెట్టకూడదు. కొన్ని టర్బోలకు ఇన్‌లెట్ ఫిట్టింగ్‌లోనే రంధ్రం సన్నగా ఉంటుంది. ఫిట్టింగ్ విప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గుండుసూది తలంత చుక్క కనిపిస్తుంది. హౌసింగ్ లోపల టార్చ్ వేసి చూడండి.

ఉన్నదాని మీద ఇంకోటి వేస్తే ఏమవుతుందో పై లెక్కలోనే తేలిపోతుంది. 80 పీఎస్‌ఐని ఇప్పుడు రెండు రిస్ట్రిక్టర్లు, టర్బో కలిసి మూడు వాటాలుగా పంచుకుంటాయి. టర్బోకి మిగిలేది 27. కిట్టుతో వచ్చిన బాంజో బోల్టులో (లోపల ఆయిల్ దారి ఉన్న బోల్టు) ఒక సన్న రంధ్రం, ఆయిల్ లైన్ కొసన ఇంకోటి ఉన్నా పరిస్థితి ఇదే.

రిస్ట్రిక్టర్ ఎక్కడ బిగించాలి?

టర్బో ఇన్‌లెట్‌కి వీలైనంత దగ్గర. బ్లాక్ వైపు పెడితే అక్కడి నుంచి టర్బో దాకా ఉన్న లైన్ అంతా సన్న ధారతో నిండాలి, స్టార్ట్ చేశాక ఆయిల్ అందేసరికి ఆలస్యమవుతుంది. రిస్ట్రిక్టర్‌కీ టర్బోకీ మధ్య గేజ్ కోసం 1/8 ఎన్‌పీటీ (కోన్ థ్రెడ్ రకం) టీ ఫిట్టింగ్ పట్టేంత చోటు ముందే చూసుకోండి.

ప్రెషర్ ఎలా కొలవాలి?

0 నుంచి 100 పీఎస్‌ఐ దాకా చూపించే మెకానికల్ గేజ్ గానీ, అదే రేంజిలో ఎలక్ట్రికల్ సెన్సార్ గానీ తీసుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిస్ట్రిక్టర్ తర్వాత టీ పెట్టి, గేజ్ బిగించి, స్టార్ట్ చేసి లీకులు చూడండి. ఆ తర్వాత బండి నడిపి ఆయిల్‌ని 90 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కించాలి. నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, ఆయిల్ వెనకబడి వేడెక్కుతుంది. ఇప్పుడు ఐడిల్‌లో, 2,000లో, 3,000లో, 4,000లో, రెడ్‌లైన్ దగ్గర రీడింగులు రాసుకోండి. ప్రతిచోటా ఇంజిన్ గ్యాలరీ ప్రెషర్ కూడా పక్కన రాయండి. రెండు అంకెలూ కలిసి ఉంటేనే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు పంపుదా, రిస్ట్రిక్టర్‌దా అని తెలుస్తుంది.

మెకానికల్ గేజ్ ఆయిల్ గొట్టాన్ని క్యాబిన్‌లోకి లాగొద్దు. అది ఊడితే వేడి ఆయిల్ కాళ్ల మీద పడుతుంది. నడుపుతూ చూడాలంటే సెన్సార్ పెట్టి రికార్డ్ చేసుకోండి. టీ నుంచి గేజ్ దాకా వెళ్లే గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తగలకూడదు.

చల్లగా ఉన్నప్పుడు 60, 70 చూపిస్తోంది, వేడెక్కాక 42. సరేనా?

సరే. చల్లటి ఆయిల్‌తో ఇంజిన్ ప్రెషరే ఎక్కువ. పైగా పొట్టి రంధ్రం చిక్కదనాన్ని అంతగా పట్టించుకోదు, టర్బో లోపలి సన్న సందులు బాగా పట్టించుకుంటాయి. దాంతో ప్రెషర్‌లో టర్బో వాటా పెరుగుతుంది. వేడెక్కేదాకా ఇంజిన్‌ని గట్టిగా లాగకండి, అంతే. చల్లటి రీడింగ్ చూసి రిస్ట్రిక్టర్ చిన్నది చేస్తే, వేడెక్కాక టర్బో ఆయిల్ లేక మాడిపోతుంది.

నీలం పొగ వస్తోంది. రిస్ట్రిక్టర్ ఇంకా చిన్నది వేయనా?

వద్దు. ముందు డ్రెయిన్, అంటే టర్బో నుంచి ఆయిల్ తిరిగి ఇంజిన్‌లోకి దిగే పైపు చూడండి.

టర్బోలో ఉన్నవి రబ్బరు సీళ్లు కావు, పిస్టన్ రింగుల్లాంటి ఇనప రింగులు. అవి ప్రధానంగా గ్యాస్‌ని ఆపుతాయి. హౌసింగ్‌లో ఆయిల్ నిండి రింగు ఎత్తు దాకా వస్తే ఆపలేవు. అందుకే ఆయిల్ లోపలికి ఎంత వస్తోందన్న దానికన్నా, వచ్చింది వచ్చినట్టు కిందికి దిగిపోతోందా లేదా అన్నది ముఖ్యం. 1 మి.మీ. రంధ్రం గుండా 40 పీఎస్‌ఐ తేడాతో వేడి ఆయిల్ నిమిషానికి సుమారు ముప్పావు లీటరు పోతుంది. అంత కొంచెం ఆయిల్‌కి -10 ఏఎన్ (హోస్, ఫిట్టింగుల సైజు పద్ధతి) సైజు, అంటే సుమారు 16 మి.మీ. డ్రెయిన్ ఎందుకని అనిపిస్తుంది. బయటికి వచ్చేది ఆయిల్ ఒక్కటే అయితే అక్కర్లేదు. షాఫ్ట్ దాన్ని కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. ఆ నురగ వెనక తోసే ప్రెషర్ ఏదీ లేకుండా, కేవలం తన బరువుతో కిందికి జారాలి.

కాబట్టి వరసగా చూడాల్సినవి ఇవి. డ్రెయిన్ పైపు టర్బో నుంచి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దాకా ఎక్కడా అడ్డంగా పడుకోకూడదు, ఎక్కడా మళ్లీ పైకి లేవకూడదు. హోస్ మెలికలో ఆయిల్ నిలిచే గుంట ఉండకూడదు. టర్బో ఆయిల్ ఇన్‌లెట్, అవుట్‌లెట్ నిలువు నుంచి 35 డిగ్రీలకు మించి వాలకూడదు. షాఫ్ట్ అడ్డంగా, 15 డిగ్రీల లోపు వాలుతో ఉండాలి. సంప్‌లో డ్రెయిన్ కలిసే చోటు ఆయిల్ లెవెల్‌కి పైన ఉండాలి. కిందుంటే ఆయిల్ పైపులోనే నిలబడిపోతుంది. క్రాంక్ తిరుగుతూ ఆయిల్ చిమ్మే చోటికి ఎదురుగా కూడా కలపొద్దు. మోచేతి ఫిట్టింగుల లోపల రంధ్రం పైపు కన్నా చిన్నగా ఉంటుంది, అది కూడా చూడండి. ఫ్లాంజ్ గ్యాస్కెట్ రంధ్రం మీదికి జరిగి సగం మూసేయడం కూడా జరుగుతుంటుంది. పైనుంచి అంతా బాగానే కనిపిస్తుంది, విప్పితేనే తెలుస్తుంది.

డ్రెయిన్ బాగుంటే క్రాంక్‌కేస్ ప్రెషర్ చూడండి. పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్‌లోని గ్యాస్‌ని బయటికి వదిలే వాల్వు) మూసుకుపోయినా, పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందికి దిగుతున్నా, సంప్‌లో ప్రెషర్ పెరిగి డ్రెయిన్‌ని కింది నుంచి ఆపేస్తుంది. ఐడిల్‌లో ఆయిల్ ఫిల్లర్ మూత తీసి చూడండి. గ్యాస్ బుసబుసా కొడుతుంటే తప్పు టర్బోది కాదు. ఇవన్నీ సరిగ్గా ఉండి, గేజ్ 45 కన్నా పైన చూపిస్తేనే రిస్ట్రిక్టర్ తగ్గించే మాట.

ఇంజిన్ కింద, సంప్ కన్నా దిగువన టర్బో పెడితే?

బరువుతో దిగే దారే లేదు కాబట్టి స్కావెంజ్ పంపు (ఆయిల్‌ని లాగి సంప్‌కి తిరిగి పంపేది) తప్పదు. అది లాగేది నురగని గనుక, ఫీడ్ కన్నా చాలా ఎక్కువ సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

ప్రెషర్ ఎక్కువైతే, తక్కువైతే టర్బోలో ఏం కనిపిస్తుంది?

ఎక్కువైతే కంప్రెసర్ అవుట్‌లెట్‌లో, ఇంటర్‌కూలర్ గొట్టాల్లో ఆయిల్ తడి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలం పొగ. బేరింగ్ ఆయిల్‌లో ఈదుతుంది కాబట్టి టర్బో స్పూల్ (వేగం అందుకోవడం) కొంచెం మందగిస్తుంది కూడా. డ్రెయిన్ బాగుంటే ఇదేమీ వెంటనే టర్బోని చంపదు. తక్కువైతే ప్రమాదం ఎక్కువ, ముందస్తు గుర్తులు తక్కువ. సన్నటి ఈల లాంటి కొత్త శబ్దం, చేత్తో తిప్పితే గరగర, విప్పి చూస్తే షాఫ్ట్ మీద నీలిరంగు మచ్చలు. అప్పటికే కార్ట్రిడ్జ్ పోయినట్టే. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ వైపే ఉండండి.

ఫీడ్ లైన్ ఏ సైజు?

-4 ఏఎన్. ఒక జాగ్రత్త: -4 ఏఎన్ థ్రెడ్ 7/16-20. చాలా జీటీ బాల్ బేరింగ్ టర్బోల ఇన్‌లెట్ 7/16-24 ఇన్వర్టెడ్ ఫ్లేర్. వ్యాసం ఒకటే, అంగుళానికి చుట్లు వేరు. ఒకటి రెండు చుట్లు చేత్తో ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ పానా పెట్టి బలవంతం చేస్తే హౌసింగ్ థ్రెడ్ పోతుంది. థ్రెడ్ గేజ్‌తో చూసి సరైన అడాప్టర్ కొనండి. ఆయిల్‌ని ఇంజిన్ ఫిల్టర్ దాటిన చోటు నుంచే తీసుకోవాలి.

లీకు కాకుండా టెఫ్లాన్ టేపు, సిలికాన్ పేస్టు వాడొచ్చా?

ఫీడ్ వైపు రెండూ వద్దు. గోరంత టేపు ముక్క 1 మి.మీ. రంధ్రాన్ని పూర్తిగా మూసేస్తుంది. బాంజోకి కొత్త కాపర్ వాషర్లు, ఏఎన్ ఫ్లేర్‌కి ఏమీ అక్కర్లేదు. 1/8 ఎన్‌పీటీ లాంటి కోన్ థ్రెడ్‌కి ద్రవంగా ఉండే థ్రెడ్ సీలెంట్, మొదటి రెండు చుట్లు వదిలేసి పల్చగా రాయండి. డ్రెయిన్ ఫ్లాంజ్‌కి గ్యాస్కెట్ చాలు. పేస్టు రాస్తే లోపలికి ఉబ్బి డ్రెయిన్‌నే చిన్నది చేస్తుంది.

ఫీడ్ లైన్‌లో అదనంగా చిన్న ఫిల్టర్ పెట్టమంటారా?

మంచి ఇంజిన్ ఫిల్టర్ సమయానికి మారుస్తుంటే అవసరం లేదు. పెడితే రిస్ట్రిక్టర్‌కి ముందు పెట్టి, ప్రతి ఆయిల్ మార్పుకీ విప్పి కడగాలి. పెట్టి మర్చిపోయిన ఫిల్టర్ పెట్టనిదాని కన్నా ప్రమాదం.

కొత్త టర్బో మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

ఇన్‌లెట్‌లో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి, కంప్రెసర్ వీల్‌ని వేలితో నెమ్మదిగా తిప్పండి. ఫీడ్ లైన్ కూడా ఆయిల్‌తో నింపి బిగించండి. ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ ఫ్యూజులు తీసేసి 10 సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్‌కి విరామం ఇస్తూ, గేజ్ కదిలేదాకా క్రాంక్ చేయండి. డ్రెయిన్ హోస్ కింద కొస వదులు చేసి గిన్నె పెడితే ఆయిల్ దిగడం కంటితో చూడొచ్చు. అది చూశాకే డ్రెయిన్ హోస్ మళ్లీ బిగించి, ఫ్యూజులు పెట్టి స్టార్ట్ చేయాలి. కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, లీకులు చూసి, ఆపి, ఆయిల్ లెవెల్ మళ్లీ సరిచేయండి.

ప్రెషర్ తక్కువ వస్తోందని చిక్కటి ఆయిల్ వేయొచ్చా?

గేజ్ మీద అంకె పెరుగుతుంది, బేరింగ్‌కి అందే ఆయిల్ పెరగదు. ఇంజిన్ తయారీదారు చెప్పిన గ్రేడులోనే మంచి సింథటిక్ వేసి, అడ్డు ఎక్కడుందో వెతకండి.

వాటర్ లైన్లు కలపకపోతే ఆయిల్‌తోనే చల్లబడదా?

నడుస్తున్నంతసేపు కొంత చల్లబడుతుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ఆగిపోతుంది, టర్బైన్ వేడి మాత్రం షాఫ్ట్ వెంట బేరింగ్‌లోకి పాకుతూనే ఉంటుంది. అక్కడున్న ఆయిల్ మాడి మసి కడుతుంది. వాటర్ లైన్లు కలిపి ఉంటే, పంపు ఆగినా నీళ్లు వేడికి వాటంతటవే పైకి కదిలి ఆ వేడిని తీసుకెళ్తాయి. వాటర్ అవుట్‌లెట్ ఇన్‌లెట్ కన్నా ఎత్తులో ఉండేలా చూడండి. వాటర్ పోర్టులున్న టర్బోకి లైన్లు కలపాల్సిందే.

కొత్త టర్బో షాఫ్ట్ చేత్తో కదిపితే కొంచెం ఊగుతోంది. పోయినట్టేనా?

కాదు. కార్ట్రిడ్జ్ చుట్టూ ఆయిల్ పొర కోసం వదిలిన సందు అది, ఆయిల్ లేనప్పుడు చేతికి తెలుస్తుంది. వీల్ హౌసింగ్‌కి తగిలినా, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ స్పష్టంగా కదిలినా మాత్రం నడపకండి.

మా డీజిల్ కారు టర్బోకి కూడా ఇలా రిస్ట్రిక్టర్ పెడితే పొగ తగ్గుతుందా?

పెట్టొద్దు. మన దగ్గర తిరిగే మామూలు డీజిల్ కార్లు, పికప్పుల టర్బోలు దాదాపు అన్నీ జర్నల్ బేరింగ్‌వే. వాటికి ఆయిల్ తగ్గిస్తే షాఫ్ట్ పట్టేస్తుంది. పొగకి డ్రెయిన్, బ్రీదర్, అరిగిన టర్బో, ఈ మూడూ చూపించండి.

ఒకసారి సరిచేశాక మళ్లీ ఎప్పుడు చూడాలి?

ప్రతి ఆయిల్ మార్పుకీ వేడి మీద ఒకసారి రీడింగ్ తీసి, మొదట రాసుకున్న అంకెల పక్కన పెట్టండి. ఇంజిన్ ప్రెషర్ అంతే ఉండి టర్బో ప్రెషర్ తగ్గుతూ వస్తుంటే రిస్ట్రిక్టర్‌లో మసి కడుతోంది. 1 మి.మీ. రంధ్రం గోడలకు చుట్టూ 0.1 మి.మీ. మందాన మసి పేరుకుంటే మిగిలేది 0.8 మి.మీ., అంటే వైశాల్యంలో మూడో వంతుకు పైగా పోయినట్టు. విప్పి, సాల్వెంట్‌లో నానబెట్టి, గాలి కొట్టి, పిన్ గేజ్‌తో సైజు చూసి బిగించండి. సూది పెట్టి గీకొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. దానికి విరుద్ధంగా, ఇంజిన్ ప్రెషర్ మారకుండా టర్బో ప్రెషర్ పెరుగుతుంటే మసి టర్బో లోపలే కడుతోంది. అప్పుడు టర్బో విప్పి, ఆయిల్ దారులు శుభ్రం చేయించాకే బండి మళ్లీ బయటికి తీయండి.